82 మార్కుల రెజ్యూమేకి ఒక్క ఫోనూ రాలేదు

ప్రశ్న: మేడం, నాకు 27 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. ఎమ్మెస్సీ ఎనలిటికల్ కెమిస్ట్రీ చదివాను. 2021 జనవరి నుంచి 2023 ఏప్రిల్ దాకా పరవాడ ఫార్మాసిటీలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో పనిచేశాను. బాబు కడుపులో ఉండగా మానేశాను. ఇప్పుడు వాడికి రెండేళ్లు నిండాయి, అత్తయ్య చూసుకుంటానన్నారు. నాలుగు నెలల్లో నలభై చోట్లకు రెజ్యూమే పంపాను. ఒక్క పిలుపూ లేదు. నేను సొంతంగా చేసుకున్న రెజ్యూమేని ఒక వెబ్‌సైట్‌లో పెడితే 46 మార్కులు వచ్చాయి. టెన్షన్ పడి ద్వారకానగర్‌లో ఒకచోట మూడు వేలు ఇచ్చి కొత్తది చేయించాను. మూడు పేజీలు, ఫొటో, రంగులు. దానికి 82 వచ్చాయి. అయినా ఫోన్ లేదు. అసలు రెజ్యూమే బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? గ్యాప్ కనబడకుండా తేదీలు సర్దేయమని ఫ్రెండ్స్ అంటున్నారు. అలా చేయవచ్చా? రెండు రెజ్యూమేలూ, పంపిన చోట్ల జాబితా జతచేస్తున్నాను. మీ అమ్మాయిలాంటిదాన్ని, మొహమాటపడకుండా చెప్పండి.
– ఒక సోదరి, గాజువాక

సమాధానం: అమ్మా, నీ రెండు రెజ్యూమేలూ ప్రింట్ తీయించుకుని, పెన్సిల్ పట్టుకుని చదివాను. క్యూసీలో ఉన్నన్నాళ్లూ అలాగే చదివేదాన్ని. పనికొచ్చే మాట కింద గీత గీస్తాను, ఏమీ చెప్పని మాటను కొట్టేస్తాను. చివరికి కాగితం మీద గీతలు ఎక్కువున్నాయా, కొట్టివేతలు ఎక్కువున్నాయా అని చూస్తాను.

46 మార్కులు వచ్చిన నీ మొదటి రెజ్యూమేలో పద్నాలుగు గీతలు గీశాను. 82 వచ్చిన రెండో దానిలో మూడే. నీ మొదటి రెజ్యూమే మంచిది. ఇంగ్లీషులో తప్పులున్నాయి, వరస సరిగ్గా లేదు, ముఖ్యమైన సంగతి రెండో పేజీ అడుగున పడిపోయింది. కానీ అందులో నువ్వు ఉన్నావు. కేఎఫ్ (కార్ల్ ఫిషర్) పరికరం దగ్గర నిలబడి శాంపిల్‌లో తేమ చూస్తున్న అమ్మాయి కనిపిస్తోంది. మూడు వేలు పోసి చేయించిన దానిలో ఆ అమ్మాయి లేదు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. కొత్త రెజ్యూమేలో పైన ఒక ఫోన్ నంబరు ఉంది, పాతదానిలో వేరే నంబరు ఉంది. ఉత్తరంలో నువ్వు రాసిన నంబరుతో పోల్చి చూస్తే పాతదే నీది. కొత్తదానిలో ఉన్నది మీ ఆయనదై ఉంటుంది, షాపువాళ్లకు డబ్బు కట్టేటప్పుడు ఇచ్చినది అదే అనుకుంటాను. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తగలరా? ప్లాంట్లలో చాలాచోట్ల ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు. హెచ్‌ఆర్‌లో కూర్చున్న కుర్రాడు ఒకసారి చేస్తాడు, ఎత్తకపోతే జాబితాలో కింద పేరుకి వెళ్లిపోతాడు. తెలియని నంబరు నుంచి వచ్చిన మిస్డ్ కాల్స్ ఏమైనా ఉన్నాయేమో ఆయన్ని అడిగి చూడు. కొత్త రెజ్యూమే సంగతి తర్వాత, నంబరు మాత్రం ఈ రోజే మార్చు.

ఇప్పుడు మార్కుల సంగతి. ఆ వెబ్‌సైట్ ఒక ప్రోగ్రాం. హెడ్డింగులు ఉన్నాయా, ఫోనూ మెయిలూ ఉన్నాయా, స్పెల్లింగ్ తప్పులు ఎన్ని, వాక్యాల్లో అంకెలు ఉన్నాయా, ఉద్యోగ ప్రకటనలో ఉన్న మాటలు ఇందులో ఎన్ని దొరుకుతున్నాయి, ఇలాంటివి లెక్కేసి ఒక అంకె ఇస్తుంది. స్పెల్లింగ్ తప్పులు పట్టుకోవడానికి దాన్ని వాడుకో, తప్పులేదు. కానీ నువ్వు రాసింది నిజమో కాదో దానికి తెలియదు. ల్యాబ్ మిషన్‌లో శాంపిల్‌ని విడదీసే గొట్టాన్ని, అంటే కాలమ్‌ని, కడగడం వచ్చినవాళ్లకీ, కాలమ్ అనే మాట రాయడం మాత్రమే వచ్చినవాళ్లకీ అది ఒకే మార్కు వేస్తుంది. నీకు ఉద్యోగం ఇచ్చే ల్యాబ్ మేనేజర్ అలా వేయరు.

నీ కొత్త రెజ్యూమేలో ‘ఎక్స్‌పర్ట్ ఇన్ హెచ్‌పీఎల్‌సీ, జీసీ, ఎల్‌సీ-ఎంఎస్’ అని ఉంది. మూడూ శాంపిల్‌లో ఏముందో విడదీసి చూసే పరికరాలు. పాతదానిలో ఎల్‌సీ-ఎంఎస్ ఊసే లేదు. అంటే షాపులో ఎవరో కలిపారు. నాకు ఈ మాట చూడగానే భయమేసింది. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది, నువ్వు తడబడతావు. ఆ తర్వాత నీకు నిజంగా వచ్చిన హెచ్‌పీఎల్‌సీ గురించి ఎంత బాగా చెప్పినా ఎదుటివాళ్లు నమ్మరు. ఒక అబద్ధం పక్కనున్న పది నిజాల్ని కూడా ముంచేస్తుంది. దాన్ని వెంటనే తీసెయ్.

ఇంకొకటి, నైపుణ్యాల పక్కన రంగు గీతలు వేసి ‘హెచ్‌పీఎల్‌సీ 90 శాతం’ అని పెట్టారు. తొంభై శాతం అంటే ఏమిటి? మిగతా పది శాతంలో నీకు రానిది ఏది? నువ్వు చెప్పలేవు, నేనూ అడగలేను. ఆ గీతల స్థానంలో నువ్వు పనిచేసిన పరికరం ఏ కంపెనీది, ఏ మోడల్, ఏ సాఫ్ట్‌వేర్ అని రాస్తే చదివేవాళ్లకు ఒక్క క్షణంలో అర్థమవుతుంది. పాతదానిలో ‘వాటర్స్, ఎంపవర్’ అని రెండే మాటలు రాశావు. మొదటిది పరికరం కంపెనీ, రెండోది దాని సాఫ్ట్‌వేర్. ఆ రెండు మాటలు చాలు. వాళ్ల ల్యాబ్‌లోనూ ఎంపవర్ ఉంటే, ఈ అమ్మాయికి సీక్వెన్స్ పెట్టడం మళ్లీ మొదటి నుంచి నేర్పక్కర్లేదు అనుకుంటారు.

నీ పాత రెజ్యూమే రెండో పేజీ అడుగున, హాబీల పైన, ఒక వాక్యం ఉంది. నీ ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో చెబితే: ‘ముందు షిఫ్ట్‌లో బఫర్ తర్వాత నీళ్లతో కడగకుండా ఎసిటోనైట్రైల్ వదలడం వల్ల ప్రెషర్ పెరిగిందని కనిపెట్టి, టీమ్ లీడర్‌కి చెప్పాను, తర్వాత లాగ్‌బుక్‌లో ఫ్లషింగ్ (మిషన్ కడిగిన వివరం) రాసే గడి పెట్టారు.’ అమ్మా, ఈ వాక్యం దగ్గర నా పెన్సిల్ ఆగిపోయింది. ఫాస్ఫేట్ బఫర్, అంటే ఉప్పు ద్రావణం, లోపల ఉండగానే నేరుగా ఎసిటోనైట్రైల్ అనే ద్రావకం పంపితే ఉప్పు పేరుకుంటుంది, దారి మూసుకుపోతుంది, ప్రెషర్ పైకి పోతుంది. ఇది పుస్తకంలో చదివినవాళ్లు చాలామంది. మిషన్ ముందు నిలబడి, ప్రెషర్ అంకె చూసి, ముందు షిఫ్ట్ లాగ్‌బుక్ తిరగేసి, కారణం పట్టుకున్నవాళ్లు కొద్దిమంది. పైగా నువ్వు దాన్ని అక్కడితో వదిలేయలేదు, మళ్లీ జరక్కుండా పుస్తకంలో గడి పెట్టించావు. క్యూసీ హెడ్‌కి కావాల్సిన మనిషి ఈ వాక్యంలో ఉంది. షాపువాళ్లు దీన్ని తీసేసి, ఆ స్థానంలో ‘ఎక్సలెంట్ ప్రాబ్లం సాల్వింగ్ స్కిల్స్’ అని పెట్టారు.

నీ ప్రశ్నకు నేను చెప్పే జవాబులో సగం ఇక్కడే ఉంది. రెజ్యూమేలో ఏ వాక్యమైనా తీసుకో. దాన్ని నీ క్లాస్‌మేట్ రెజ్యూమేలో పెడితే సరిపోతుందా? సరిపోతే అది నీ గురించి ఏమీ చెప్పడం లేదన్నమాట, కొట్టేసెయ్. ‘హార్డ్ వర్కింగ్’, ‘టీమ్ ప్లేయర్’, ‘ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్‌లో ఎదగాలని నా ఆశయం’, ఇవన్నీ ఎవరి కాగితంలోనైనా అతుకుతాయి. ప్రెషర్ వాక్యం మాత్రం నీ ఒక్కదాని కాగితంలోనే ఉంటుంది.

ఒక్క వాక్యాన్ని ఇద్దరం కలిసి తిరగరాద్దాం. రెజ్యూమే ఇంగ్లీషులోనే పంపుతావు, ఇక్కడ విషయం తెలియడానికి తెలుగులో రాస్తున్నాను. కొత్తదానిలో ఇలా ఉంది: ‘ఎస్‌ఓపీ (రాసిపెట్టిన పని పద్ధతి) ప్రకారం రా మెటీరియల్, ఇన్‌ప్రాసెస్ శాంపిల్స్ ఎనాలిసిస్ చేయడం నా బాధ్యత.’ తప్పేమీ లేదు. కానీ క్యూసీలో ఎవరి బాధ్యత ఇది కాదు? ఇప్పుడు నేను ఎదురుగా కూర్చుని అడుగుతున్నాననుకో. ఏ టెస్టులు? రోజుకు ఎన్ని? రిజల్ట్ ఎంతసేపట్లో ఇవ్వాలి? ఆలస్యమైతే ఏమవుతుంది? ఇన్‌ప్రాసెస్ శాంపిల్ అంటే కింద బ్లాక్‌లో రియాక్టర్ ఆగి ఉందని అర్థం కదా. ప్రొడక్షన్ షిఫ్ట్ ఇన్‌చార్జి పది నిమిషాలకోసారి ఫోన్ చేసి ‘మేడం, రిజల్ట్ వచ్చిందా’ అని అడుగుతాడు. ఆ ఒత్తిడిలో కూడా సిస్టమ్ సూటబిలిటీ (మిషన్ సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష) పాస్ కాకుండా శాంపిల్ ఇంజెక్ట్ చేయకూడదు. ఆ పని చేసినదానివి నువ్వు. అయితే వాక్యం ఇలా మారాలి: ‘ఒక షిఫ్ట్‌లో 10 నుంచి 12 ఇన్‌ప్రాసెస్ శాంపిల్స్‌కి కేఎఫ్ తేమ పరీక్ష, హెచ్‌పీఎల్‌సీలో రియాక్షన్ మానిటరింగ్ చేసి, నిర్ణీత గడువులోపు ప్రొడక్షన్‌కి రిజల్ట్ ఇచ్చాను.’ పది, పన్నెండు అన్న లెక్క నీ పాత రెజ్యూమేలోదే. గడువు ఎన్ని గంటలుండేదో నీకే తెలుసు, ‘నిర్ణీత’ అన్న మాట తీసి ఆ అంకె పెట్టు.

అంకెలు పెట్టమన్నాను కదా అని ఊహించి పెట్టకు. గుర్తులేకపోతే మామూలు రోజు ఒకటి తలుచుకో. పొద్దున్న బస్సు దిగావు, బ్యాలెన్స్, పీహెచ్ మీటర్ డైలీ కాలిబ్రేషన్ చూశావు, శాంపిల్ రిజిస్టర్ తీశావు. ఆ పేజీలో ఎన్ని వరసలు ఉండేవి? అలా లెక్కపెడితే అంకె తనంతట తానే వస్తుంది. ‘సామర్థ్యం 35 శాతం పెంచాను’ లాంటి అంకెలు మన ల్యాబుల్లో ఎవరూ నమ్మరు. ఎలా కొలిచావని అడిగితే చెప్పలేని అంకె కాగితం మీద ఉండకూడదు.

కస్టమర్ పేర్లు, బ్యాచ్ నంబర్లు, బయటికి చెప్పకూడని ప్రాడక్ట్ పేర్లు కూడా రాయకు. చేరేటప్పుడు గోప్యత కాగితం మీద సంతకం పెట్టే ఉంటావు. ‘ఒక యాంటీవైరల్ ఏపీఐ’ (మందులో పనిచేసే అసలు పదార్థం) అంటే చాలు. పాత కంపెనీ రహస్యాలు రెజ్యూమేలో పెట్టినవాళ్లు రేపు మన రహస్యాలూ పెడతారని నేనైతే వెనకాడేదాన్ని.

ఆడిట్ల దగ్గర కూడా జాగ్రత్తగా ఉండు. కొత్తదానిలో ‘యూఎస్‌ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) ఆడిట్ హ్యాండిల్ చేశాను’ అని ఉంది, పాతదానిలో ‘ఆడిట్ సమయంలో ఉన్నాను’ అని ఉంది. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది. ఆడిట్ కోసం కాలిబ్రేషన్ రికార్డులు సిద్ధం చేశావా? అలా రాయి. ఆడిటర్ నీ మిషన్ దగ్గరికొచ్చి ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే రికార్డు) తెరవమంటే తెరిచి చూపించావా? అయితే అది ఇంకా గొప్ప, తప్పకుండా రాయి. నిజంగా చేసింది చిన్నదైనా, దాని గురించి ఐదు నిమిషాలు మాట్లాడగలవు.

మాట్లాడగలగడం అన్నాను కాబట్టి, రెజ్యూమే బాగుందో లేదో చూసుకోవడానికి నాకు తెలిసిన గట్టి పరీక్ష చెబుతాను. బాబు పడుకున్నాక కాగితం మీ ఆయన చేతికివ్వు. ఆయనకు కెమిస్ట్రీ రాకపోయినా ఫరవాలేదు. ఏదో ఒక వాక్యం మీద వేలు పెట్టి ‘ఇదేంటి చెప్పు’ అనమను. రెండు నిమిషాలు ఆగకుండా చెప్పగలిగావా, ఆ వాక్యం ఉంచు. నీళ్లు నమిలావా, దాన్ని తిరగరాయి, లేదా తీసెయ్. మొత్తం కాగితం ఇలా దాటితే ఇంటర్వ్యూకి సగం ప్రిపేర్ అయినట్టే.

రెండో పరీక్షకు ల్యాబ్‌లో పనిచేసినవాళ్లు కావాలి. నీ పాత సహోద్యోగి ఎవరికైనా మొదటి పేజీ పై సగం మాత్రమే చూపించు, అరనిమిషం. తర్వాత కాగితం తిప్పేసి అడుగు: నేనేం పని చేశానో, ఎన్నాళ్లు చేశానో, ఏ ఉద్యోగం అడుగుతున్నానో చెప్పు. మూడూ చెప్పగలిగితే నీ పై సగం బాగున్నట్టు. నీ కొత్త రెజ్యూమేలో పై సగమంతా ఫొటో, ఆశయం, రంగు గీతలే. నీ రెండేళ్ల నాలుగు నెలల అనుభవం రెండో పేజీలో మొదలవుతోంది. వాక్-ఇన్ ఇంటర్వ్యూల రోజు బల్ల మీద వంద కాగితాలు ఉన్నప్పుడు రెండో పేజీ దాకా ఎవరు వెళ్తారు?

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. చాలా ఏళ్ల కిందట, ఒక వాక్-ఇన్ రోజు సాయంత్రం, అలసిపోయి ఉన్నాను. ఒక అబ్బాయి రెజ్యూమే నాలుగు పేజీలు. మొదటి పేజీ నిండా తండ్రి పేరు, మతం, వచ్చిన భాషలు, ఆశయం. పక్కన పెట్టేశాను. కొన్ని నెలల తర్వాత పక్క కంపెనీ వాళ్ల ద్వారా తెలిసింది, ఆ అబ్బాయికి జీసీ మీద మంచి పట్టు ఉందని, రెసిడ్యుయల్ సాల్వెంట్స్ (మందులో మిగిలిపోయే ద్రావకాలు) పని అంతా ఒక్కడే చూస్తున్నాడని. ఇంటికెళ్లి ఆలోచిస్తే గుర్తొచ్చింది, ఆ సంగతి మూడో పేజీలో ఉండే ఉంటుంది, నేను తిప్పలేదు. తప్పు నాదే. కానీ చదివేవాళ్లు అలసిపోయి ఉంటారని తెలుసుకుని రాసుకుంటే ఆ అబ్బాయికి నా దగ్గరే ఉద్యోగం వచ్చేది. అప్పటి నుంచి ఎవరు అడిగినా చెబుతున్నాను, నీ బలం ఏదో అది మొదటి పేజీ పై సగంలోకి రావాలి.

మూడో పరీక్ష కంప్యూటర్‌ది. పెద్ద కంపెనీలు, ఉద్యోగాల సైట్లు రెజ్యూమేలోని అక్షరాలను సాఫ్ట్‌వేర్‌తో లాగి దాచుకుంటాయి, తర్వాత ‘హెచ్‌పీఎల్‌సీ’, ‘ఎంపవర్’ అని వెతుకుతాయి. మన కాగితం ఆ సాఫ్ట్‌వేర్‌కి ఎలా కనబడుతుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. పీడీఎఫ్ తెరిచి, అంతా సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్. నీ కొత్తదాన్ని నేను అలా చేశాను. రెండు నిలువు వరసల్లో ఉంది కాబట్టి ఎడమవైపు మాటలు, కుడివైపు తేదీలు కలిసిపోయి, కంపెనీ పేరు పక్కన ‘సంగీతం వినడం’ వచ్చి కూర్చుంది. రంగు గీతల్లో ఉన్నవి బొమ్మలు కాబట్టి ఆ మాటలు అసలు రానేలేదు. పాతదాన్ని పేస్ట్ చేస్తే వరసగా, చదవడానికి వీలుగా వచ్చింది. ఒకే నిలువు వరస, మామూలు అక్షరాలు, బొమ్మలు లేకుండా ఉంచు. అంతకన్నా డిజైన్ అక్కర్లేదు.

ఇక తేదీలు సర్దడం గురించి. వద్దమ్మా. తప్పన్నది ఒకటైతే, దాగదన్నది రెండోది. నీ పీఎఫ్ యూఏఎన్ నంబరు కింద సర్వీస్ హిస్టరీలో ఏ రోజు చేరావో, ఏ రోజు మానేశావో ఉంటుంది. కొత్త కంపెనీ అదే యూఏఎన్ అడుగుతుంది. రిలీవింగ్ లెటర్, చివరి జీతం స్లిప్పులు అడుగుతారు. రెజ్యూమేలో 2024 అని ఉండి కాగితాల్లో 2023 ఏప్రిల్ అని ఉంటే, ఆఫర్ ఇచ్చాక కూడా వెనక్కి తీసుకోవచ్చు. బిడ్డను పెంచిన రెండేళ్లు దాచుకోవాల్సినవి కావు. అనుభవం వరసలోనే, కంపెనీ పేరు పైన, ఒక్క వాక్యం పెట్టు: ‘2023 మే నుంచి: బిడ్డ సంరక్షణ కోసం విరామం, ఇప్పుడు పూర్తికాల ఉద్యోగానికి సిద్ధం.’ అంతే. సంజాయిషీ వద్దు, కుటుంబ వివరాలు వద్దు. ఇంటర్వ్యూలో అడిగితే ఇంతే ప్రశాంతంగా చెప్పు.

ఆ విరామంలో నీ రంగంలో ఏం మారిందో తెలుసుకుని ఉంటే ఇంకా మంచిది. నువ్వు మానేసిన ఏడాదే, 2023 నవంబర్‌లో, ఎనలిటికల్ మెథడ్ వాలిడేషన్ (పరీక్షా పద్ధతి నమ్మదగినదని రుజువు చేయడం) మీద, మందుల ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ ఐసీహెచ్ క్యూ2 గైడ్‌లైన్ కొత్త రూపం, క్యూ2 ఆర్2, ఖరారైంది. దానితో పాటే మెథడ్ డెవలప్‌మెంట్ మీద క్యూ14 వచ్చింది. రెండూ ఐసీహెచ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రోజూ మధ్యాహ్నం బాబు నిద్రపోయే గంటలో చదువు, పాతదానికీ దీనికీ తేడా ఒక నోట్‌బుక్‌లో సొంత మాటల్లో రాసుకో. చదివాక రెజ్యూమేలో ఒక్క వాక్యం చేర్చు, చదవకముందు చేర్చకు. ‘రెండేళ్లుగా టచ్‌లో లేరు కదా’ అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు. డబ్బు కట్టి చేసే ఆన్‌లైన్ సర్టిఫికెట్ల వెంట మాత్రం పడకు.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ప్రసూతి సెలవు చట్టాన్ని 2017లో సవరించినప్పటి నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు జీతంతో సెలవు హక్కుగా వస్తుంది, ప్రసవానికి ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. నీకు అప్పట్లో ఎవరూ చెప్పలేదేమో. చదివే మిగతా ఆడపిల్లలైనా రాజీనామా కాగితం రాసే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

తీసేయాల్సినవి గబగబా చెప్పేస్తాను. ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, భర్త పేరు, మతం, హాబీలు ఉద్యోగానికి అక్కర్లేదు. అవి పెళ్లి బయోడేటాలోవి. చివర ‘పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను’ అన్న పేరా కూడా ప్రైవేటు ఉద్యోగానికి అవసరం లేదు. కొత్తదానిలో ఆధార్ నంబరు పెట్టారు, అది అస్సలు ఉండకూడదు. నలభై చోట్లకు వెళ్లిన కాగితం ఎవరెవరి ఫోన్లలో ఉందో మనకు తెలియదు. టెన్త్, ఇంటర్ మార్కుల పట్టిక ఒక్క వరసకు కుదించు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు రెండు వాక్యాలు ఉంచు. అంతా కలిపి ఒక పేజీలో పట్టేస్తుంది, పట్టకపోతే ఒకటిన్నర. ఫైల్‌కి ‘ఫైనల్ న్యూ 3’ అని కాకుండా నీ పేరూ ‘క్యూసీ ఎనలిస్ట్’ అనీ పెట్టు, వంద ఫైళ్లలో వెతికేవాళ్లకు దొరకాలి.

చిరునామాలో ఇంటి నంబరు, వీధి అక్కర్లేదు. కానీ ‘గాజువాక, విశాఖపట్నం’ అన్నది మాత్రం పైన ఉండాలి. పరవాడ, అచ్యుతాపురం, దువ్వాడ కంపెనీలవాళ్లు మనిషి ఎక్కడి నుంచి రావాలో, కంపెనీ బస్సు ఆ దారిలో ఉందో లేదో చూస్తారు. గాజువాక అని ఉంటే నీకే మేలు.

ఇంగ్లీషు దిద్దుకోవడానికి చాట్‌జీపీటీ లాంటివి వాడుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు, నువ్వు అడగకపోయినా చెబుతాను. నీ వాక్యం నువ్వు రాసి, ‘గ్రామర్ తప్పులు మాత్రమే దిద్దు, కొత్త మాటలు చేర్చకు’ అని చెప్పి వాడుకో. రాసిపెట్టమంటే ద్వారకానగర్ షాపు చేసిన పనే అదీ చేస్తుంది.

ఇప్పుడు నీ జాబితా. నలభై చోట్లు అన్నావు, ఒక్కొక్కటీ చూశాను. పదిహేను హైదరాబాద్‌లో ఆర్ అండ్ డీ సైంటిస్ట్ ఉద్యోగాలు, ఐదేళ్ల అనుభవం అడిగినవి. తొమ్మిది మెడికల్ రెప్, కాల్ సెంటర్, అసలు నీ పనికి సంబంధం లేనివి. నాలుగు పైడిభీమవరంలో, గాజువాక నుంచి పసిబిడ్డ తల్లి రోజూ వెళ్లిరావడం కష్టం. ఒక చోట అయితే ‘ప్రాసెసింగ్ ఫీజు’ అడిగారని పక్కన రాసుకున్నావు. ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడిగేది కంపెనీ కాదు, అక్కడితో ఆపెయ్. ఇవన్నీ తీసేస్తే నీకు సరిపోయేవి మిగిలినవి పదకొండు. అంటే నువ్వు నలభై చోట్ల ఓడిపోలేదు. పదకొండు చోట్లకు పంపావు, అదీ వేరే ఫోన్ నంబరుతో, పనంతా రెండో పేజీలో దాచి. బాధపడకు, ఇందులో నీ చదువుకూ నీ పనితనానికీ వచ్చిన లోటేమీ నాకు కనబడలేదు.

ఇక మీదట లెక్క రాసుకో. సరైన ఉద్యోగాలకు పంపి కూడా పిలుపు రాకపోతే రెజ్యూమేని మళ్లీ చూడాలి. పిలుపు వచ్చి ఇంటర్వ్యూ దగ్గర ఆగిపోతుంటే రెజ్యూమేని ముట్టుకోకు, మాట్లాడే తీరు చూసుకోవాలి. చాలామంది ఇంటర్వ్యూలో పోయిన ప్రతిసారీ వచ్చి రెజ్యూమే మారుస్తారు, జబ్బు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాసినట్టు. పంపే ప్రతిసారీ ఆ ప్రకటనను పక్కన పెట్టుకుని, వాళ్లు అడిగినవాటిలో నీకు నిజంగా వచ్చినవి మొదటి పేజీలో ఉన్నాయో లేదో చూసుకో. స్టెబిలిటీ (మందు ఎన్నాళ్లు చెడిపోకుండా ఉంటుందో చూడటం) అని అడిగితే, 40 డిగ్రీలు, 75 శాతం తేమ ఛాంబర్ల నుంచి శాంపిల్స్ తీసిన సంగతి పైకి తీసుకురా. నీ పాతదానిలో అది ఉంది, ఏడో వాక్యంగా ఉంది.

మొదటి ప్రతి వెబ్‌సైట్‌కి పంపకు. ప్రెషర్ సంగతి చెబితే విని లాగ్‌బుక్‌లో గడి పెట్టించిన నీ పాత టీమ్ లీడర్ ఉన్నారు కదా, ఆయనకో ఆవిడకో వాట్సాప్‌లో పంపు. ల్యాబ్‌వాళ్లు పరవాడ నుంచి అచ్యుతాపురానికి, అక్కడి నుంచి ఇంకోచోటికి మారుతూనే ఉంటారు, ఎక్కడ ఖాళీ ఉందో ప్రకటన రాకముందే వాళ్లకు తెలుస్తుంది. ఉద్యోగం ఇప్పించమని అడగనక్కర్లేదు. ‘మీరు నా పని చూశారు, ఈ కాగితంలో నేను చేయనిది ఏమైనా ఉందా, చేసి మర్చిపోయింది ఏమైనా ఉందా’ అని అడుగు. ఆ రెండో ప్రశ్నకు వచ్చే జవాబు జాగ్రత్తగా రాసుకో, మనం రోజూ చేసిన పని మనకు పనిలాగే అనిపించదు. వాళ్లు ఏమన్నారో, కాగితంలో ఏ వాక్యం దగ్గర ఆగారో నాకు మళ్లీ ఉత్తరం రాయి. కొత్త ప్రతి కూడా జతచెయ్, పెన్సిల్ పట్టుకుని చదువుతాను.